కొండదారిలో సైకిల్, పిల్లల్లో ధైర్యం: విజయనగరం పరిసరాల్లో బృందం నడపాలనుకునేవారికి సమగ్ర మార్గదర్శి

పదో తరగతి చదివే పిల్లవాడు రోజు మొత్తంలో సొంతంగా తీసుకునే నిర్ణయాలు ఎన్ని ఉంటాయో ఒకసారి ఆలోచించండి. ఎన్ని గంటలకు లేవాలో, ఏ ట్యూషన్‌లో చేరాలో, ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలో అన్నీ పెద్దలే తేల్చేస్తారు. నాలుగేళ్లు గడిచాక ‘వీడు నలుగురిలో నోరు విప్పడు, ఒక్క పనీ తనంతట తాను చేయడు’ అని బెంగపడేదీ ఆ పెద్దలే. తానే నిర్ణయం తీసుకోవడం, దాని ఫలితం వెంటనే కళ్లారా చూడడం, నచ్చకపోతే మార్చుకుని మళ్లీ ప్రయత్నించడం ఒకే ఉదయంలో పదేపదే జరిగే చోటు ఈ వయసు పిల్లలకు కావాలి. రాళ్లు తేలిన ఎర్రమట్టి దారిలో గేర్ సైకిల్ ఎక్కించడం అందుకు మంచి మార్గమని నా గట్టి నమ్మకం.

విజయనగరం చుట్టుపక్కల ఆదివారం ఉదయాల్లో హైస్కూలు పిల్లలతో మట్టిదారుల్లో తిరుగుతూ నేర్చుకున్నదాన్ని ఇక్కడ వరసగా రాస్తున్నాను. వ్యాయామ ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు, సైకిల్ అలవాటున్న యువకులకు ఇది పనికొస్తుంది. మొదటి నుంచి చివరి దాకా ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. తనకు తగిన కష్టాన్ని తానే ఎంచుకుని దాటినప్పుడు పిల్లల్లో ధైర్యం కుదురుతుంది. నిజమైన పని చేతికి అప్పగించినప్పుడు నాయకత్వం వస్తుంది. మిగిలిన ఏర్పాట్లన్నీ ఈ రెండింటి కోసమే.

ఈ ఆట ఎక్కడిది, ధైర్యం ఎలా కుదురుతుంది

కొండదారి సైక్లింగ్ 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, మారిన్ కౌంటీలో రూపు దిద్దుకుంది. టామల్పాయిస్ కొండ మట్టిదారుల్లో అక్కడి కుర్రకారు పాత బరువు సైకిళ్లకు మార్పులు చేసుకుని దిగడంతో మొదలైన సరదా, 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి పతకాల క్రీడ అయింది. హైస్కూలు లీగులను ఒక గొడుగు కిందికి తెచ్చేందుకు 2009లో అక్కడ నైకా అనే జాతీయ సంఘం ఏర్పడింది. జట్టులో చేరిన ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ సైకిల్ తొక్కాల్సిందే, ఎవరినీ బెంచీ మీద కూర్చోబెట్టకూడదన్నది ఆ సంఘం పద్ధతి. మనం అరువు తెచ్చుకోవలసింది ఆ పద్ధతినే. క్రికెట్‌లో పదకొండు మంది ఆడతారు, మిగిలినవాళ్లు గట్టు మీద కూర్చుంటారు. ఇక్కడ ఆఖరున వచ్చే పిల్ల కూడా అదే రాళ్ల మీదుగా, అదే వాలు దిగి వస్తుంది.

‘ఈ పని నా వల్ల అవుతుంది’ అన్న నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో వివరించారు. సొంతంగా సాధించిన అనుభవం, తనలాంటివాళ్లు సాధించగా చూడడం, నమ్మదగిన మనిషి చెప్పే ధైర్యవచనం, గుండెదడ వంటి ఒంటి సంకేతాలను మనం అర్థం చేసుకునే తీరు అని ఆయన నాలుగు మూలాలు చెప్పారు. అన్నింటిలో బలమైనది మొదటిది. మనం మాత్రం పిల్లలకు ఎక్కువగా ఇచ్చేది మూడోది, అంటే మాటలు.

రెండోదాని బలం చూడాలంటే దూరం పోనక్కర్లేదు. నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ బరువులెత్తే అమ్మాయిల ఊరుగా పేరు పడింది. అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం గెలిచింది. పక్కింటి అక్క బార్‌బెల్ ఎత్తడం చూస్తూ పెరిగిన చెల్లెలికి ‘ఆడపిల్లలు కూడా చేయగలరు’ అని ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు. సైకిల్ బృందంలో కూడా ఇదే జరగాలి. అందుకే మొదటి రోజు నుంచీ అమ్మాయిలను చేర్చుకోండి. ఒక్కరినే చేర్చకండి, కనీసం ముగ్గురు ఉండేలా చూడండి. ఒక్కత్తే ఉంటే అందరి చూపూ ఆమె మీదే ఉంటుంది. ముగ్గురు ఉంటే ఒకరిని చూసి ఒకరు తొక్కుతారు.

మొదటి మెట్టు: బృందం, ఇంటి పెద్దలు

పన్నెండు నుంచి పదిహేడేళ్ల పిల్లలు ఆరుగురో ఎనిమిది మందో చాలు. ఇద్దరు పెద్దలు తప్పనిసరి, అమ్మాయిలు ఉంటే ఆ ఇద్దరిలో ఒకరు స్త్రీ అయితే మంచిది. ఒకరికి ప్రథమ చికిత్స వచ్చి ఉండాలి.

తల్లిదండ్రులను ముందే ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడండి. ‘ఏమీ కాదండీ, నాదీ పూచీ’ అని మాత్రం అనకండి. మోకాళ్లు గీరుకుంటాయని, అప్పుడప్పుడు పడతారని, తలకు హెల్మెట్ లేకుండా సైకిల్ కదలదని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆస్తమా, మూర్ఛ, పాత ఎముక దెబ్బ, మందుల అలర్జీ లాంటివి రాయించుకుని సంతకం తీసుకోండి. ఎక్కువ మంది అమ్మలు నన్ను అడిగే ప్రశ్న చదువు గురించే. వారానికి ఒక ఉదయం, ఎనిమిదిన్నర కల్లా ఇంట్లో ఉంటారని చెప్పి, ఆ మాట నిలబెట్టుకోండి. నాలుగు వారాలు టైముకు పంపితే అయిదో వారం వాళ్లే నిద్రలేపి పంపుతారు.

రెండో మెట్టు: సైకిల్, హెల్మెట్

ఖరీదైన సైకిల్ కోసం ఆగకండి. ముందు ఫోర్కుకు మాత్రమే సస్పెన్షన్ (కుదుపులు తగ్గించే స్ప్రింగు) ఉండి, వెడల్పాటి గట్ల టైర్లు, పనిచేసే గేర్లు, రెండు చక్రాలకూ నమ్మకమైన బ్రేకులు ఉంటే చాలు. వెనక కూడా స్ప్రింగు ఉన్న చవక సైకిల్ చూడడానికి గొప్పగా ఉంటుంది గానీ, బరువెక్కువ, ఎక్కేటప్పుడు పిల్లల శక్తినంతా ఆ స్ప్రింగే తినేస్తుంది. కొనవద్దు. బడికి వెళ్లే మామూలు సైకిల్ ఉన్న పిల్లలను కూడా వెనక్కి పంపకండి. మైదానంలో నేర్పే మెళకువలు, చదునైన మట్టిదారి ఆ సైకిల్ మీద కూడా అవుతాయి. వాలు మొదలయ్యాక గేర్ సైకిళ్లను వంతులవారీగా ఇప్పించండి.

కొలత సరిపోవడం అన్నింటికంటే ముఖ్యం. పై రాడ్డుకు ఇటూ అటూ కాళ్లు పెట్టి నేల మీద నిలబడితే రాడ్డుకూ ఒంటికీ మధ్య రెండు మూడు వేళ్ల జాగా మిగలాలి. సీటు మీద కూర్చుని పెడల్ అడుగుకు తెచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. ‘పెద్దయ్యాక కూడా పనికొస్తుంది’ అని రెండు సైజులు పెద్దది కొనిస్తే ఆ పిల్లకు వాలు మీద కాలు నేలకు అందదు. నేర్పుదామనుకున్న ధైర్యానికి బదులు భయం నేర్పినట్టవుతుంది.

హెల్మెట్ మీద ఈఎన్ 1078 (యూరప్ భద్రతా ప్రమాణం) లేదా సీపీఎస్‌సీ (అమెరికా భద్రతా ప్రమాణం) గుర్తు ఉందో లేదో చూడండి. పెట్టుకున్నాక దాని అంచు కనుబొమకు రెండు వేళ్ల ఎత్తులో ఉండాలి, పట్టీలు చెవుల కింద కలవాలి, గడ్డం కింద ఒక వేలు మాత్రమే దూరాలి. గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి ఫోమ్ నలిగిపోయి ఉంటుంది కాబట్టి దాన్ని మార్చాల్సిందే. వేళ్లు పూర్తిగా కప్పే చేతి తొడుగులు, మడమ కప్పే బూట్లు కూడా కావాలి. చెప్పులతో వచ్చినవారు ఆ రోజు తొక్కరు.

బయలుదేరే ముందు ప్రతిసారీ గాలి, బ్రేకు, చైను చూడాలి. 45, 50 కిలోల పిల్లలకు ట్యూబు టైర్లలో సుమారు 28 నుంచి 32 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి మన దారులకు సరిపోతుంది. టైరు పక్కన అచ్చేసిన హద్దులు దాటకండి. గాలి మరీ తగ్గితే రాయి తగిలినప్పుడు ట్యూబు నలిగి పంక్చరవుతుంది. ముందు బ్రేకు ఏ చేతికి ఉందో కూడా ప్రతి పిల్లా పిల్లవాడూ నోటితో చెప్పాలి, ఎందుకంటే అన్ని సైకిళ్లకూ ఒకే వైపు ఉండదు. ఈ తనిఖీ మీరు చేయకండి. పిల్లలు ఒకరి సైకిల్ ఒకరు చూడాలి. పక్కవాడి బ్రేకు నా మాట మీద ఆధారపడి ఉందన్న ఎరుకతోనే నాయకత్వానికి పునాది పడుతుంది.

మూడో మెట్టు: దారి, కాలం

మన దగ్గర అనువైన కాలం నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా. అక్టోబరులో తుఫాన్ల భయం ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చాక మట్టిదారులు కోసుకుపోయి, చెట్లు అడ్డంగా పడి ఎలా ఉన్నాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. పెద్ద వాన పడిన వారం కొత్త దారికి వెళ్లకండి, పాత దారినైనా పెద్దలు ముందురోజు చూసి రావాలి. ఏప్రిల్, మే నెలల్లో సముద్రపు తేమకు చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఆ రెండు నెలలూ సైకిళ్లు రిపేరు నేర్చుకోవడానికి వాడుకోండి.

దారిని మూడు రకాలుగా ఎంచుకోండి. మొదటివి చెరువు గట్లు, కాలువ గట్లు, పొలాల మధ్య బండిబాటలు. చదునుగా ఉంటాయి గానీ గాడిలో చక్రం పడితే బ్యాలెన్సు తెలుస్తుంది. పొద్దున్నే గట్ల మీద పాములు ఉంటాయి కాబట్టి ఎండ పడ్డాకే వెళ్లండి. రెండోవి చిన్న ఎత్తుపల్లాలున్న ఎర్రమట్టి దారులు. రామతీర్థం చుట్టూ కొండల అడుగున ఇలాంటివి దొరుకుతాయి. అక్కడ బోధికొండ, గురుభక్తుల కొండల మీద బౌద్ధ, జైన అవశేషాలున్నాయి. రక్షిత స్థలాల మీదికి, గుడి మెట్ల మీదికి చక్రం పోకూడదు. అడుగున సైకిళ్లు ఆపి, నడిచి వెళ్లి చూపించండి. శ్రీకాకుళం జిల్లా వైపు ఉన్నవారు వంశధార ఒడ్డున శాలిహుండం దగ్గర కూడా ఇదే పాటించాలి. మూడోవి కొంచెం పొడవైన ఎక్కుళ్లు. గోస్తనీ నది మీద కట్టిన తాటిపూడి జలాశయం వైపు అలాంటి దారులున్నాయి. అడవి హద్దులోకి పోయే దారి అయితే అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకండి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వారికి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. సోంపేట, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు వైపు జీడితోటల్లో ఎలుగుబంట్లు నిజంగా తిరుగుతాయి, మనుషుల మీద దాడులూ జరిగాయి. సాయంత్రం నుంచి తెల్లవారే దాకా వాటి సంచారం ఎక్కువ. తోటల మధ్య దారుల్లో బాగా వెలుతురు వచ్చాకే, గుంపుగా, మాట్లాడుకుంటూ వెళ్లాలి. జీడి, పనస పళ్ల కాలంలో ఆ దారులు వదిలేయడమే మేలు.

ఎవరి తోట గుండా పోతున్నామో ఆ రైతును అడగండి. ఆ అడిగే పని పిల్లలకే అప్పగించండి. ‘బాబాయ్, మేం ఫలానా బడి పిల్లలం, ఈ బాటలో సైకిళ్ల మీద వెళ్లొచ్చా? పంట తొక్కం, గేటు మూసి వెళ్తాం’ అని ఒక కొత్త మనిషితో మర్యాదగా, స్పష్టంగా మాట్లాడగలిగిన ఎనిమిదో తరగతి పిల్లవాడు తరగతి గదిలో చేయి ఎత్తడానికి వెనుకాడడు.

నాలుగో మెట్టు: మైదానంలో మెళకువలు

కొండ దగ్గరికి వెళ్లే ముందు మూడు నాలుగు వారాలు బడి మైదానంలోనే గడపండి. పిల్లలు విసుక్కుంటారు. అయినా తగ్గకండి.

ముందు నిలబడే భంగిమ. పెడళ్లు రెండూ ఒకే ఎత్తులో, నేలకు సమాంతరంగా ఉండాలి. సీటు మీద నుంచి లేచి, మోకాళ్లు, మోచేతులు వంచి, మడమలు కొద్దిగా కిందికి దించి, ఒక్కొక్క వేలు బ్రేకు మీద ఉంచాలి. చూపు ముందు చక్రం మీద కాకుండా ఆరేడు మీటర్ల అవతల ఉండాలి. కన్ను ఎటు చూస్తే చక్రం అటు పోతుంది. రాయినే చూస్తే రాయికే గుద్దుతారు. మీరు ఎదురుగా నిలబడి చేతి వేళ్లు చూపించి ‘ఎన్ని?’ అని అడుగుతూ ఉండండి. జవాబు చెప్పాలంటే తల ఎత్తక తప్పదు.

తర్వాత బ్రేకు. ఆగేటప్పుడు బరువు ముందుకు పోతుంది కాబట్టి ముందు బ్రేకుకే ఆపే శక్తి ఎక్కువ. దాన్ని ఒక్కసారిగా నొక్కితే సైకిల్ తలకిందులవుతుంది. అందుకని రెండు బ్రేకులూ కలిపి మెల్లగా బిగిస్తూ, నడుమును వెనక్కి, కిందికి జరపాలి. సున్నంతో ఒక గీత గీసి, గీత మీద ఆగమనండి. మొదట నెమ్మదిగా, తర్వాత కొంచెం వేగంగా, ఆ తర్వాత మట్టి వదులుగా ఉన్న చోట. వెనక చక్రం జారడం ఎలా ఉంటుందో మైదానంలోనే తెలిసి ఉంటే, వాలు మీద అది జరిగినప్పుడు కంగారు పడరు.

ఎక్కుడు రాకముందే గేరు తగ్గించాలని నేర్పండి. ముందు చిన్న చైన్‌వీల్, వెనక పెద్ద పళ్ల చక్రం. పెడల్ మీద బరువంతా వేసి గేరు మారిస్తే చైను కటకటలాడి ఊడిపోతుంది. ఎక్కేటప్పుడు సీటు ముందు అంచుకు జరిగి, ఛాతీ హ్యాండిల్ వైపు వంచితే ముందు చక్రం పైకి లేవదు. మలుపుల్లో వేగం మలుపుకు ముందే తగ్గించాలి.

ఆఖరున నత్త పందెం పెట్టండి. ఇరవై మీటర్ల దూరాన్ని కాలు నేలకు ఆనించకుండా అందరికంటే ఆలస్యంగా చేరినవారే విజేత. బలమైన అబ్బాయిలు ఇందులో తేలిగ్గా ఓడిపోతారు, నిదానస్తులు గెలుస్తారు. బృందంలో ఎవరి విలువ ఏమిటో అన్నదానిపై పిల్లల అంచనాలు ఆ రోజే మారడం మొదలవుతుంది.

అయిదో మెట్టు: మొదటి వాలు

ఈ మార్గదర్శికి గుండెకాయ ఇదే, తొందరపడకండి.

వాలు దగ్గరకు రాగానే సైకిళ్లు పక్కన పడుకోబెట్టించండి. అందరూ పై నుంచి కింది దాకా నడిచి దిగాలి. ఎక్కడ రాయి కదులుతోంది, వాన నీరు కోసిన గాడి ఎటు తిరిగింది, ఎక్కడ బ్రేకు వేయాలి, ఎక్కడ వదలాలి అన్నీ వాళ్లే చూసి చెప్పాలి. మీరు ‘ఇలా వెళ్లు’ అని చెప్పేశారంటే ఆ నిర్ణయం మీదైపోతుంది, దిగింది వాళ్లైనా ధైర్యం మీ దగ్గరే ఉండిపోతుంది. ‘నువ్వు ఎటు నుంచి వెళ్తావు? ఎందుకు?’ అని అడిగి ఊరుకోండి. చెప్పిన దారి ప్రమాదకరమైతేనే కల్పించుకోండి.

రామతీర్థం దగ్గరి ఒక కోతబాటలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకామె రెండుసార్లు అంచు దాకా వచ్చి ఆగిపోయింది. వెనక నుంచి అబ్బాయిలు ‘వెళ్లిపో, ఏం కాదు’ అంటున్నారు. ఆమె సైకిల్ పక్కన పెట్టి మళ్లీ నడిచి దిగింది. సగం దూరంలో వంగి, బూటు కొనతో ఒక రాయిని కదిపి చూసింది, కదల్లేదు. దాని ఎడమ పక్కన గాడికీ రాయికీ మధ్య జానెడున్నర మట్టి గట్టిగా ఉంది. పైకి వచ్చి ‘మాస్టారూ, నేను పై నుంచి కాదు, ఆ రాయి దగ్గర నుంచి మొదలుపెడతాను’ అంది. అలాగే సగం వాలు దిగింది. తర్వాత కొంచెం పై నుంచి, ఆ తర్వాత మొత్తం. కష్టాన్ని తానే ముక్కలు చేసుకుని, ఏ ముక్క ముందు చేయాలో తానే తేల్చుకుంది. నేను చేసిందల్లా కింద నిలబడి ఉండడమే. బండూరా చెప్పిన సొంత సాధన కళ్ల ముందు జరిగితే ఇలాగే ఉంటుంది.

బృందానికి ఒక హక్కు ముందే ప్రకటించండి. ఏ వాలునైనా, ఎవరైనా, ఏ కారణమూ చెప్పకుండా నడిచి దిగవచ్చు. దాని మీద ఒక్క వెక్కిరింపు వినిపించినా ఆ రోజు సాధన ఆపేయండి. నడిచి దిగే హక్కు ఉన్నచోటే ‘తొక్కుతాను’ అన్న మాటకు విలువ ఉంటుంది. తోటివాళ్ల బలవంతంతో దిగిన పిల్లకు మిగిలేది బతికి బయటపడ్డానన్న ఊరట మాత్రమే.

గుండె దడదడలాడుతోందని ఎవరైనా అంటే ‘భయపడకు’ అనకండి. ‘ఒళ్లు సిద్ధమవుతోంది, మూడు సార్లు నిదానంగా ఊపిరి వదులు, అప్పటికీ వద్దనిపిస్తే నడుద్దాం’ అనండి. పరీక్ష హాల్లోనూ, ఇంటర్వ్యూ గది బయటా అదే దడ వస్తుంది. దానితో ఏం చేయాలో ఇక్కడ అలవాటవుతుంది.

ఆరో మెట్టు: పనులు అప్పగించడం

ప్రతి సవారీకి నాలుగు బాధ్యతలు పెట్టి, వారం వారం మార్చండి.

ముందు తొక్కేవారు దారి చూపాలి, వేగం నిర్ణయించాలి. అందరికంటే నిదానస్తుడు మాట్లాడుతూ తొక్కగలిగినంత వేగమే బృందం వేగం. వెనక కాపు కాసేవారి వెనక ఇంకెవరూ ఉండకూడదు, ప్రతి చీలిక దగ్గర తలలు లెక్కపెట్టాలి. మూడోవారి చేతిలో పనిముట్ల సంచి: పంపు, టైరు విప్పే లివర్లు, గరుకు కాగితం, సొల్యూషన్, ప్యాచ్‌లు, బోల్టులు బిగించే అలెన్ కీలు, ఒక కొత్త ట్యూబు. నాలుగోవారు నీళ్లు, సమయం చూస్తారు. గంటకు సుమారు అర లీటరు నీళ్లు తాగించాలి, తిరుగు ప్రయాణం వేళ గుర్తుచేయాలి. చోడి (రాగి) అంబలి, అరటిపండు, పల్లీ ఉండలు మన వాతావరణానికి బాగా పనిచేస్తాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు సంచిలో ఉండాలి.

ఇందులో మీకు ఎదురయ్యే అసలు పరీక్ష ఏమిటంటే, పని అప్పగించాక చేతులు కట్టుకుని నిలబడడం. సర్కారు తుమ్మ ముల్లు దిగి టైరు కూర్చున్నప్పుడు పెద్దవారు పది నిమిషాల్లో బాగుచేయగలరు, పిల్లవాడికి అరగంట పడుతుంది. ఆ అరగంట అతనిదే. టైరు విప్పి, ట్యూబులో గాలి కొట్టి చెవి దగ్గర పెట్టుకుని చిల్లు వెతుకుతాడు. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, అది ఆరేదాకా ఆగలేక మధ్యలోనే ప్యాచ్ అతికిస్తాడు. ఊడిపోతుంది. మళ్లీ మొదలు. మీరు ఒక్క ప్రశ్న మాత్రం అడగవచ్చు: ‘టైరు లోపల గుడ్డతో తుడిచి చూశావా?’ ముల్లు అక్కడే ఉండిపోతే కొత్త ట్యూబు కూడా పోతుంది. అతని చేతిలోంచి లివరు లాక్కోవడానికి వచ్చే చురుకైన కుర్రవాణ్ణి పక్కకు పిలిచి వేరే పని చెప్పండి. చుట్టూ ఏడుగురు ఎదురుచూస్తుంటే కంగారు పడకుండా పని పూర్తిచేయడమూ, తనకు వచ్చిన పనిని ఇతరులు నెమ్మదిగా చేస్తుంటే ఓర్చుకోవడమూ ఒకే చోట ఇద్దరికీ అలవాటవుతాయి.

దారి తప్పినప్పుడు కూడా ఇంతే. వెంటనే ఫోను తీసి మ్యాపు చూడనివ్వకండి. ముందు తొక్కేవారు అందరినీ ఆపి, ఎవరికేం గుర్తుందో అడిగి, నిర్ణయం ప్రకటించాలి. నిర్ణయం తప్పయితే వెనక్కి వస్తారు, ఒక కిలోమీటరు ఎక్కువ తొక్కుతారు. అంతకు మించి నష్టం లేని చోట మీరు నోరు విప్పకండి.

బలమైనవాణ్ణే ప్రతిసారీ ముందుంచడం నాకు సమ్మతం కాదు. నా అనుభవంలో ఎక్కువ ఎదిగేది వెనక కాపు కాసిన పిల్లలే. ఆయాసపడుతున్న తమ్ముడి పక్కన వేగం తగ్గించుకుని, అతని గేరు ఎక్కువైందని గమనించి చెప్పి, ‘ఆ తాటిచెట్టు దాకా వెళ్దాం, అక్కడ ఆగుదాం’ అని నడిపించుకొచ్చే పిల్ల దగ్గర పరిశీలన, ఓర్పు, మాట మూడూ పదునెక్కుతాయి.

ఏడో మెట్టు: పడినప్పుడు

ఇక్కడ మాత్రం అధికారం పెద్దలదే. ఎవరైనా పడితే వెంటనే లేపకండి. వెనక వచ్చేవారిని ఆపడానికి ఒకరిని పైకి పంపండి. పడినవారితో మాట్లాడండి, మెడలో నొప్పి ఉందేమో అడగండి, ఉంటే కదపకుండా 108కి ఫోను చేయండి. గీరుడు గాయాన్ని శుభ్రమైన నీటితో మట్టి పోయేదాకా కడిగి కట్టు కట్టండి, టీటీ ఇంజెక్షన్ సంగతి ఇంట్లోవాళ్లకు గుర్తుచేయండి. చాచిన చేతి మీద పడితే మణికట్టు, భుజపుటెముక విరిగే అవకాశం ఉంటుంది. తువ్వాలుతో చేతిని మెడకు వేలాడదీసి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తలకు దెబ్బ తగిలితే ‘బాగానే ఉన్నాను మాస్టారూ’ అన్నా ఆ రోజు తొక్కనివ్వకండి, డాక్టరుకు చూపించండి. వాంతి, మగత, అడిగినదే అడగడం, పెరుగుతున్న తలనొప్పి కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకూడదు. ఎండదెబ్బ విషయంలోనూ తాత్సారం వద్దు. తికమకగా మాట్లాడడం, తూలడం మొదలైతే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, గాలి విసురుతూ 108ని పిలవండి.

చిన్న దెబ్బే అయితే, కట్టు కట్టాక ఆ పిల్లనే అడగండి: ‘ఇప్పుడేం చేద్దాం?’ మళ్లీ అదే వాలు, చిన్న వాలు, ఈ రోజుకు చాలు, ఏది చెప్పినా సరే. పడిన తర్వాత మళ్లీ ఎప్పుడు ఎక్కాలో తానే నిర్ణయించుకున్న పిల్ల సాధారణంగా వారం తిరక్కుండానే ఎక్కుతుంది.

ఎనిమిదో మెట్టు: సవారీ తర్వాత పది నిమిషాలు

నీడలో గుండ్రంగా కూర్చోండి. ‘బాగా చేశావు’ అన్న ముక్క పిల్లలకు ఏమీ చెప్పదు. ‘రెండో మలుపుకు ముందే బ్రేకు వదిలేశావు, అందుకే జారలేదు’ అంటే ఏది మళ్లీ చేయాలో తెలుస్తుంది. ఈ రోజు ఎక్కడ ఆగి ఆలోచించావు, ఎవరి సాయం అందింది, దారి చూపినవారు వచ్చేవారం ఏం మార్చాలి అని అడగండి. దారి చూపినవారి మీద వచ్చే విమర్శను వాళ్లు ఎదురు చెప్పకుండా విని, చివర్లో ఒక్క మాటలో జవాబివ్వాలి. మొదట్లో ఇది మొక్కుబడిగా ఉంటుంది. రెండు నెలలకు, ‘నువ్వు వేగంగా పోయావు, వెనక ముగ్గురం నిన్ను కేకేశాం, వినలేదు’ అని ఏడో తరగతి పిల్ల పదో తరగతి అన్నకు ముఖం మీదే, మర్యాదగా చెప్పగలుగుతుంది.

ఒక నోటు పుస్తకం పెట్టి వంతులవారీగా రాయించండి: దారి, వాతావరణం, రిపేర్లు, దెబ్బలు, తీసుకున్న నిర్ణయాలు. మార్కులు వేయకండి. మొదటి మూడు నెలలూ పందేలు కూడా వద్దు. ఆసక్తి ఉన్నవారు తర్వాత సైక్లింగ్ సంఘాల పోటీల వైపు వెళ్లవచ్చు, మిగిలినవారికి పోటీ లేకపోవడమే ఇక్కడికి రావడానికి కారణం.

ఏడాది మొత్తం ఎలా సాగాలి

నవంబరులో మైదానం, గట్లు. డిసెంబరు, జనవరిలో ఎర్రమట్టి దారులు. ఫిబ్రవరిలో పిల్లలే పూర్తిగా ప్రణాళిక వేసిన ఒక పొడవైన సవారీ. దూరం, ఆగే చోట్లు, నీళ్లు నింపుకునే ఊరు, రైతుల అనుమతి, ఇళ్లకు సమాచారం అన్నీ వాళ్లే చూసి కాగితం మీద పెట్టి మీకు చూపాలి. మీరు భద్రత మేరకే దిద్దండి. పదో తరగతివాళ్లకు మార్చిలో పబ్లిక్ పరీక్షలు ఉంటాయి కాబట్టి సంక్రాంతి తర్వాత వాళ్లకు రెండు వారాలకోసారి చాలు. పూర్తిగా మాన్పించమని ఇంట్లో పట్టుబడితే, ఆ గంటన్నర తర్వాత పిల్లవాడు ఎలా కూర్చుని చదువుతున్నాడో ఒక నెల గమనించి చెప్పమనండి.

వానాకాలంలో ఊళ్లోని సైకిల్ షాపు మేస్త్రిని బతిమాలి, ఇద్దరిద్దరు చొప్పున పిల్లలను పంపండి. చైను కడగడం, బ్రేకు తీగ మార్చడం, వంకరపోయిన చక్రానికి స్పోకులు బిగించడం నేర్చుకుంటారు. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరప్రాంతాల పిల్లలైతే ఉప్పుగాలికి చైను తుప్పు పట్టకుండా తుడిచి నూనె వేయడం ముందుగా నేర్చుకోవాలి.

రెండో ఏడాది నవంబరు వచ్చేసరికి కొత్త పిల్లలు వస్తారు. మైదానంలో బ్రేకు గీత గీయడం, వేళ్లు చూపించి ‘ఎన్ని?’ అని అడగడం, వాలు నడిపించి చూపించడం పాత పిల్లలకు ఇచ్చేయండి. ఒక్కొక్కరికి ఇద్దరు కొత్తవాళ్లు చాలు. హెల్మెట్ పట్టీలు, ముందు బ్రేకు ఏ చేతికి ఉందన్న ప్రశ్న కూడా వాళ్ల పనే. బయలుదేరే ముందు మీరు ఒకసారి చివరి తనిఖీ చేసి, వరసలో చివరన ఉన్న పిల్ల వెనక చేరండి.